టెలిగ్రాం కొట్టిన నేల

రెజిమెంటల్ బజార్ సందులో ఉండే సదాశివ ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టాడు. పొద్దున్నే తలంటుకుని, ఉప్మా తిని, సాయంత్రంలోగా హాలు నేల సిద్ధం చేయిస్తానని భార్య శ్యామలమ్మకు మాట ఇచ్చాడు. ఉప్మా తిని ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

సదాశివ రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. ఏ పనికైనా ముందురోజే ఉపాయం ఆలోచించి, మరునాడు ఆ ఉపాయం ఎందుకు పారలేదో తీరిగ్గా వివరించగల మనిషి. తిరుమలగిరిలో ఒక తెల్లదొర దేశం విడిచి పోతూ సామాన్లు వేలం వేసినప్పుడు అతను రెండు పెట్టెల పింగాణీ టైల్సు కొన్నాడు. తెల్లటి బిళ్ళలు, ఒక్కోదాని మధ్యలో నీలం పువ్వు. శ్యామలమ్మ ఆ రోజు ప్రతి బిళ్ళనూ కొంగుతో తుడిచి చూసుకుంది. అంతలో నిజాం సర్కారుకూ ఢిల్లీకీ మాటలు చెడి, సరిహద్దుల దగ్గర సరుకుల బండ్లు ఆగిపోయాయి. ఉప్పు దొరకడమే గగనమైన రోజుల్లో సిమెంటు మాట ఎవరెత్తుతారు? పెట్టెలు మంచం కిందికి పోయాయి. సెప్టెంబరులో భారత సైన్యం ఊళ్ళోకి వచ్చింది. దాని వెనకే బండ్లు కదిలాయి, సిమెంటూ వచ్చింది. సందులో కొందరు సంబరపడ్డారు, కొందరు ఏమవుతుందోనని తలుపులు బిడాయించుకున్నారు. శ్యామలమ్మ మంచం కింది నుంచి పెట్టెలు బయటికి లాగింది.

ఆమె తొందరకు కారణం బతుకమ్మ. గడబిడల వల్ల రెండేళ్ళుగా ఆ సందులో ఆడవాళ్ళు బతుకమ్మ ఆడలేదు. ఈసారి కూడా బయట ఆడే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని శ్యామలమ్మ అందరినీ తన ఇంటికి పిలిచింది. హాలు పెద్దదే. కానీ నేల మీద పరిచిన షాబాద్ బండల్లో ఒకటి లేస్తే ఇంకొకటి కుంగేది. ఎదురింటి కాంతమణి ఆ హాల్లో నడవడమూ ఎడ్లబండిలో కూర్చోవడమూ ఒకటేనని ఒకసారి నలుగురిలో అన్నది. శ్యామలమ్మ ఆ మాట మరిచిపోలేదు. సదాశివను కూడా మరిచిపోనివ్వలేదు.

బోయిన్‌పల్లి నుంచి మేస్త్రి పీర్ మహమ్మద్ పొద్దున్నే వచ్చాడు. పెద్ద మీసాలు, అంతకంటే పెద్ద మాటలు. పెట్టెలు విప్పబోతున్న సదాశివను చెయ్యి పట్టుకుని ఆపాడు.

"టైల్స్ సంగతి అటెన్క సాబ్. ముందుగాల నేల నాడి చూడాలె. సుత్తెతోని కొడితే గట్టిగున్న కాడ టక్ మంటది, కింద బోలుగున్న కాడ డంగ్ మంటది. డంగ్ మన్న బండలన్ని లేపి, కింద నింపి, మళ్ల పరవాలె. అటెన్క నున్నటి బండలకు ఉలితోని గంట్లు పెట్టాలె. లేకుంటె సిమెంటు పట్టదు, మీ టైల్స్ నెలకే లేస్తయి."

సాయంత్రానికి అవుతుందా అని శ్యామలమ్మ వంటింట్లోంచి అడిగింది. నేల ఆరోగ్యాన్ని బట్టి ఉంటుందన్నాడు పీర్ మహమ్మద్. సామానంతా పెరట్లోకి చేరింది. ఇక నాడి పరీక్ష మొదలైంది.

ఆ పరీక్ష చేసే తీరు ఒకటుంది. పీర్ మహమ్మద్ గొంతుకూర్చుని, సుత్తెతో ఒక్క దెబ్బ కొట్టి, కళ్ళు మూసుకుని చప్పుడు సాంతం వినేవాడు. టక్ మంటే తల ఊపేవాడు. డంగ్ మంటే నిట్టూర్చి సుద్దముక్కతో గీత గీసేవాడు. జబ్బు మనిషి పక్కన హకీము కూర్చున్నట్టు ఉండేది. సదాశివ కూడా పక్కనే బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించి, తనకూ ఏదో తెలుస్తున్నట్టు తల ఊపసాగాడు.

ఆ హాలు గోడకు అవతల ఆర్థర్ దొర ఇల్లు. అతను ఆంగ్లో ఇండియన్, రైల్వేలో టెలిగ్రాఫు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా తీగ మీద వచ్చే చప్పుళ్ళు వింటూ గడిపినవాడు. రిటైరయ్యాక అతను వినవలసింది భార్య మేబెల్ మాటలే. అవి పొట్టి చప్పుళ్ళూ పొడుగు చప్పుళ్ళూ కావు కనుక అతని చెవికి ఎక్కేవి కావు. ఆ రోజు పడక కుర్చీలో కునుకు తీస్తున్నవాడు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. గోడ మాట్లాడుతోంది.

టెలిగ్రాఫు భాషలో ఉన్నవి రెండే చప్పుళ్ళు, పొట్టిదీ పొడుగుదీ. ఇంగ్లీషు అక్షరాలన్నిటినీ ఆ రెండింటితోనే కూర్చుతారు. పీర్ మహమ్మద్ దగ్గర ఉన్నవీ రెండే. డంగ్ అని పొడుగు చప్పుడు, అది 'టి'. టక్ అని పొట్టి చప్పుడు, అది 'ఇ'. తరువాత టక్, డంగ్. అది 'ఎ'. ఆర్థర్ దొర ఊపిరి బిగబట్టి విన్నాడు. ఒక్కో అక్షరం కూడుకుని, మధ్యలో అనుమానంగా ఉన్నవాటిని అనుభవంతో సరిచేసుకుని, కబురు పూర్తి చేశాడు. 'టీ ఎట్ టెన్.' పది గంటలకు టీకి రమ్మని పిలుపు.

ఎంత మర్యాద, అనుకున్నాడు. పక్కింటి గుమాస్తా రైల్వే మనిషే కదా, ఎక్కడో నేర్చుకుని ఉంటాడు. గోడ మీంచి కేక వేయకుండా, ముసలి తంతి మాస్టరును అతని భాషలోనే పిలిచాడు. దొర కళ్ళు చెమర్చాయి. మేబెల్‌ను మంచి గౌను వేసుకోమన్నాడు.

పది కొట్టేసరికి ఆర్థర్ దొర కోటు తొడుక్కుని, మేబెల్ దొరసాని టోపీ పెట్టుకుని, కేకు డబ్బాతో సదాశివ గుమ్మంలో నిలబడ్డారు. సదాశివ ఒక చెంప నిండా దుమ్ముతో తలుపు తీశాడు. చప్పుడు భరించలేక తగాదాకు వచ్చారనుకున్నాడు. తగాదాకు కేకు ఎందుకు తెచ్చారో మాత్రం అంతు చిక్కలేదు.

"చప్పుడు ఎక్కువైందా దొరా?" అని చేతులు నలుపుకున్నాడు.

"నో నో, మిస్టర్ సదాశివ. చాలా క్లియర్‌గా వచ్చింది. మీ చెయ్యి ఫస్ట్ క్లాస్."

"నా చెయ్యి కాదు దొరా. మేస్త్రిది."

ఆర్థర్ దొర హాల్లోకి తొంగి చూసి, సుత్తె పట్టుకుని కూర్చున్న పీర్ మహమ్మద్‌ను కొత్త గౌరవంతో పలకరించాడు. ఎక్కడెక్కడ పనిచేశారని అడిగాడు.

"బోయిన్‌పల్లి, తిరుమలగిరి, అంతట కొట్టిన సాబ్," అన్నాడు పీర్ మహమ్మద్. "బేగంపేటల విమానాల కాడ సుత నేనే కొట్టిన."

అతను చెప్పింది అక్కడ తాను వేసిన గచ్చు సంగతి. దొర విన్నది వేరు. బేగంపేట విమానాశ్రయంలో టెలిగ్రాఫు కొట్టిన మనిషి మాసిన లుంగీ కట్టుకుని గుమాస్తా ఇంట్లో కూర్చున్నాడంటే అది మామూలు వ్యవహారం కాదు. పైగా సైన్యం దిగిన రోజులు. ఆర్థర్ దొర గొంతు తగ్గించి, ఇక ఆ సంగతి ఎత్తనని కళ్ళతోనే మాట ఇచ్చాడు. పీర్ మహమ్మద్ కూడా మర్యాద కోసం కన్ను కొట్టాడు.

లోపల వంటింట్లో శ్యామలమ్మ పళ్ళ బిగువున మాట్లాడుతోంది. ఇల్లంతా అంగడి చేసిన పూటనే దొరలను టీకి పిలవాలా అని ఆమె ప్రశ్న. తాను పిలవలేదని సదాశివ ప్రమాణం చేశాడు. పిలవకుండానే దొర కోటేసుకుని వచ్చాడా అని ఆమె అడిగింది. చివరికి దొరలను పెరట్లో మంచం మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. మేబెల్ దొరసాని పొరుగింట్లో టీ తాగి ఎన్నేళ్ళయిందోనని మురిసిపోయింది. ఆమె సంతోషం చూసి శ్యామలమ్మ కొంచెం మెత్తబడి, రెండోసారి కూడా టీ పోసింది.

ఇంటికి చేరాక ఆర్థర్ దొరకు ఒక లోటు తోచింది. కబురుతో పిలిచినవాళ్ళకు కబురుతోనే కృతజ్ఞత చెప్పాలి. చేతికర్ర తీసుకుని గోడ మీద సన్నగా 'థాంక్స్' కొట్టాడు.

ఇవతల పీర్ మహమ్మద్ సుత్తె ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. తాను కొట్టలేదు, చప్పుడైంది. నెమ్మదిగా ఒక దెబ్బ వేశాడు. ఎక్కడినుంచో రెండు దెబ్బలు జవాబు వచ్చాయి. సుత్తె కింద పెట్టాడు. చప్పుడూ ఆగింది.

"సాబ్, ఈ నేల పలుకుతున్నది," అన్నాడు మెల్లగా.

ఎలుకలై ఉంటాయన్నాడు సదాశివ.

"ఎలుకలు గింత లెక్కగ కొడ్తయా సాబ్? నాకు తక్లీఫ్ లేదు, జిన్నుల ఇండ్లల్ల పనిచేసుడు నాకు అలవాటు లేదు, గంతే."

సదాశివకు జిన్నుల మీదా దయ్యాల మీదా నమ్మకం లేదు. కానీ ఆ రోజుల్లో నేల కింద ఏముంటుందో ఎవరికీ నమ్మకం లేదు. దోపిడీల భయానికి కొందరు బంగారం పాతిపెట్టారనీ, సోదాల భయానికి కొందరు తుపాకులు పాతిపెట్టారనీ ఊరంతా చెప్పుకుంటున్నారు. మనుషులు కూడా దాక్కున్నారేమోనన్న ఊహ అతనికి అప్పుడే వచ్చింది. ఇద్దరూ మోకాళ్ళ మీద వంగి, చెవులు నేలకు ఆనించి, ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడానికి తలా ఒక సుత్తె తీసుకుని గది నాలుగు మూలలా కొట్టసాగారు.

అవతల ఆర్థర్ దొరకు ఈసారి కబురు జోరుగా అందింది. మళ్ళీ 'టెన్'. ఆ తరువాత 'ట్యాంక్స్'. మధ్యలో కొన్ని అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి కానీ ముప్పయ్యేళ్ళ అనుభవం ఎందుకుంది? పది ట్యాంకులు. మరోసారి పంపమని కర్రతో కొట్టాడు. ఆ చప్పుడుకు ఇవతల ఇద్దరూ హడలిపోయి ఇంకా గట్టిగా కొట్టారు. మళ్ళీ పది ట్యాంకులే వచ్చాయి. రెండుసార్లు వచ్చిన కబురును అనుమానించడం తంతి మాస్టరు ధర్మం కాదు. దాని అర్థం వెతకడం కూడా అతని పని కాదు. వచ్చిన కబురును ముందుకు పంపడమే పని. దొర టోపీ పెట్టుకుని పెరేడ్ గ్రౌండు దగ్గర మిలిటరీ డేరాల వైపు నడిచాడు.

అక్కడ సైన్యం తరఫున వంతెనలు కట్టేవాళ్ళ దళం ఒకటి దిగి ఉంది. ఆ దళం సుబేదారు యేసురాజుది గుంటూరు దగ్గర ఊరు. యుద్ధం నాలుగు రోజుల్లోనే ముగిసిపోవడంతో, తెచ్చిన వంతెన సామాను విప్పకుండానే కూర్చున్నాడు. ఆర్థర్ దొర అతని ముందు నిటారుగా నిలబడి, బేగంపేట మనిషి ద్వారా రహస్యపు కబురు అందిందని చెప్పాడు.

"ఏమని వచ్చిందండీ?"

"టెన్ ట్యాంక్స్."

"పది ట్యాంకులు వస్తున్నాయా, కావాలా, లేకపోతే ఎక్కడైనా ఉన్నాయా?"

దొర కబురును వేలితో బల్ల మీద మళ్ళీ కొట్టి చూసుకున్నాడు. "కబురులో వెర్బ్ లేదు," అన్నాడు.

యేసురాజు చిక్కులో పడ్డాడు. ట్యాంకులు వస్తుంటే పైవాళ్ళు తనకు చెప్పేవారు. ఎవరికైనా కావాలంటే ఇవ్వడానికి తన దగ్గర ఉన్నది ఒక లారీ. ఇక మిగిలింది ఒకటే, ఎక్కడో ఉండి ఉండాలి. ఒక ఇంట్లో పది ట్యాంకులు ఎలా పడతాయన్నది అతనికీ అర్థం కాలేదు. కానీ ఆయుధాలు దాచినచోట సోదా చేయాలని ఉత్తర్వు ఉంది. అదీగాక గోడల మీద రహస్యంగా కబుర్లు కొట్టుకోవడం ఏ లెక్కన చూసినా మంచి పని కాదు. ఆ ఉన్న ఒక్క లారీలో మనుషులనెక్కించాడు.

మిలిటరీ లారీ సందులోకి తిరగగానే తలుపులన్నీ దబదబ మూసుకున్నాయి. యేసురాజు సదాశివ హాల్లోకి అడుగుపెట్టేసరికి ఇద్దరు మనుషులు నేలకు చెవులు ఆనించి, వెనక భాగాలు పైకెత్తి కనిపించారు. నేల నిండా సుద్దముక్కతో గీసిన గుర్తులు.

"ఏం చేస్తున్నారండీ?"

"వింటున్నం," అన్నాడు సదాశివ లేవకుండానే.

"ఎవరు మాట్లాడుతుంటే?"

సదాశివ తల తిప్పాడు. ముందు బూట్లు కనిపించాయి, ఆ పైన తుపాకులు. "అదే సమజయితలేదు," అన్నాడు. అది నిజమే కానీ అంతకంటే అధ్వాన్నమైన జవాబు అతను బతికున్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆ గీతలేమిటని అడిగితే నాడి అన్నాడు. ఎవరి నాడి అంటే నేలది అన్నాడు. పీర్ మహమ్మద్ సాయం చేద్దామని కింద జిన్ను ఉందని వివరించాడు. ఆ రోజుల్లో ఒకసారి లారీ ఎక్కిన మనిషి ఎప్పుడు దిగుతాడో చెప్పగలవాళ్ళు లేరు. శ్యామలమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి మొగుడికీ సిపాయిలకూ మధ్య నిలబడింది. గరిటె దించలేదు.

ఈ ఇంట్లో పది ట్యాంకులున్నాయని కబురు అందిందన్నాడు యేసురాజు. భూమిలో పాతిన మందుపాతరలు కనిపెట్టే యంత్రాన్ని సిపాయిలు తెచ్చారు. పొడవాటి కర్ర చివర పళ్ళెంలాంటిది. దాన్ని నేల మీద ఊపితే, కింద ఇనుము ఉన్నచోట కీచుమంటుంది. హాలు మధ్యలో పెట్టగానే అది కీచుమంది. పక్కకు జరిపితే అక్కడా కీచుమంది. గది ఈ మూల నుంచి ఆ మూల దాకా ఆపకుండా అరిచింది. తన నేల కింద పది ట్యాంకులు ఉన్నాయేమోనని ఆ క్షణంలో సదాశివకే అనుమానం వచ్చింది.

తవ్వమన్నాడు యేసురాజు. గడ్డపారలతో మొదటి బండ లేపారు. మట్టిలోంచి ఒక గుర్రపు నాడా బయటపడింది. రెండో బండ కింద ఇంకొకటి. సాయంత్రమయ్యేసరికి హాల్లో ఒక్క బండ కూడా మిగల్లేదు. అన్నీ పెరట్లో పేర్చి ఉన్నాయి. వాటి పక్కన తుప్పు పట్టిన నాడాల కుప్ప. గది పొడుగునా ఇటుకలతో కట్టిన పాత తూము ఒకటి బోలుగా తేలింది. నేల డంగ్ మన్నది దానివల్లే. సంగతి తెలిసి వచ్చిన మేబెల్ దొరసాని, వెనకటి కాలంలో ఆ వరస ఇళ్ళన్నీ తెల్ల పటాలం గుర్రాల సాలలని తన తాత చెప్పేవాడన్నది. ఆ తూములోంచి ఏం పారేదో కూడా మర్యాదగా వివరించింది. శ్యామలమ్మ మొగుడి వైపు ఒక చూపు చూసింది. పెళ్ళయినప్పుడు ఈ ఇంటిని గాలీ వెలుతురూ దండిగా ఉన్న ఇల్లని వర్ణించింది అతనే.

పెరట్లో పెట్టిన టైల్సు పెట్టెలను కూడా సిపాయిలు వదల్లేదు. మూత తీస్తే నీలం పువ్వులు నవ్వాయి. యేసురాజు ఒక బిళ్ళ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టాడు. సోదా ముగిసిందనీ, అనుమానించదగింది ఏదీ లేదనీ చెప్పి వెళ్ళబోయాడు. శ్యామలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పది ట్యాంకులు దొరకలే, సరే. మరి నా హాలు ఏదయ్యా? రెండేండ్ల సంది ఈ సందుల ఆడోళ్లు బతుకమ్మ ఆడలే. బయట భయమైతదంటె నా ఇంట్ల ఆడుదాం రమ్మని అందర్ని పిలిచిన. గిప్పుడు వాళ్లను ఈ తూముల దింపాల్నా?"

యేసురాజు హాలు వైపు చూశాడు. అక్కడ హాలు లేదు, మోకాలి లోతు గొయ్యి ఉంది. ఏ సోదాలోనూ ఎవరూ అతన్ని ఇలా అడగలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మీరు చెప్పింది న్యాయమేనమ్మా. మేం పాడుచేసింది మేమే బాగుచేస్తాం," అన్నాడు.

మర్నాడు లారీ మళ్ళీ వచ్చింది. ఈసారి సందులో తలుపులు సగమే మూసుకున్నాయి. నదుల మీద వంతెనలు కడదామని వచ్చి డేరాల్లో ఈగలు తోలుకుంటున్న సిపాయిలు ఆ హాలు మీద పడ్డారు. తూమును రాళ్ళతో పూడ్చారు. మట్టి పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసలతో దంచారు. ఇటుక ముక్కలు పరిచి మళ్ళీ దంచారు. ఆ మీద సున్నం, సిమెంటు. ఒక ట్యాంకు నిజంగా వచ్చి నిలబడినా చెక్కుచెదరని నేల తయారైంది.

పీర్ మహమ్మద్‌కు మాత్రం రోషం వచ్చింది. తన పని ఇంకొకరు చేయడం ఒక అవమానం, అందులో దారం కట్టి మట్టం చూడడం మరొకటి. నేల వాకిలి వైపు కొంచెం వాలుగా ఉండాలి, లేకుంటే కడిగిన నీళ్ళు ఎటు పోతాయని అతను. వంతెనకు వాలు పెట్టరని యేసురాజు. ఇది వంతెన కాదని పీర్ మహమ్మద్ గుర్తు చేశాడు. ఇద్దరూ చొక్కా చేతులు పైకి మడిచారు. చివరికి వాలు పెట్టాలని ఒప్పుకున్నారు కానీ ఎటువైపన్నది తేలడానికి మధ్యాహ్నం భోజనం కావలసివచ్చింది. శ్యామలమ్మ వడ్డించిన పచ్చిపులుసు రెండోసారి పోయించుకున్నాక యేసురాజు వాకిలి వైపుకే ఒప్పుకున్నాడు.

కింది పొర గట్టిపడ్డాక పీర్ మహమ్మద్ చివరి పరీక్షకు కూర్చున్నాడు. సుత్తె అందుకుని ఒక మూల నుంచి మొదలుపెట్టాడు. టక్. టక్. టక్. ఎక్కడ కొట్టినా టక్కే. ఒక్క డంగ్ కూడా దొరకక అతని మొహం చిన్నబోయింది. ఎలాగైనా ఒకటి పట్టుకోవాలని వేగంగా కొట్టుకుంటూ పోయాడు. ఆ చప్పుడు ఆగకముందే ఆర్థర్ దొర ఇంటి చెప్పులతోనే పరుగున వచ్చి గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డాడు.

"క్యాన్సిల్ చేస్తున్నారు. ఆగకుండా పొట్టి చప్పుళ్ళే వస్తే, ముందు పంపింది తప్పు అని అర్థం," అన్నాడు. "తప్పు, తప్పు అని చెబుతూనే ఉన్నారు."

యేసురాజు మేస్త్రి చేతిలోని సుత్తెను చూశాడు, నేలను చూశాడు, గోడను చూశాడు. పెరట్లో మిగిలి ఉన్న పాత బండ ఒకటి తెప్పించి, కింద రెండు ఇటుకలు పెట్టి కొట్టమన్నాడు. డంగ్ మంది. 'టి' అన్నాడు దొర అప్రయత్నంగా. నేల మీద కొట్టమన్నాడు. 'ఇ' అన్నాడు దొర. ఒక సిపాయి నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. తాను జైలుకు ఎంత దగ్గరగా వెళ్ళి వచ్చాడో సదాశివకు అప్పుడు తెలిసింది.

ఆర్థర్ దొర మొహం మెల్లగా పాలిపోయింది. వంగి, బండను ఒకసారి వేలితో తాకాడు. "మరి టీ?" అన్నాడు. "టీకి పిలిచింది కూడా ఎవరూ కాదా?"

సదాశివ నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. శ్యామలమ్మ అతనికంటే ముందు మాట్లాడింది.

"ట్యాంకుల సంగతి నాకు తెల్వదు దొరా. టీ కబురు మాత్రం నేనే కొట్టిపిచ్చిన. దొరసాని ఒక్కతే ఇంట్ల కూసుంటదని."

నమ్మాడో లేదో కానీ దొర మెడ నిటారైంది. "చాలా క్లియర్‌గా వచ్చింది," అన్నాడు.

యేసురాజు పై పొర కూడా పోయించి, తడి ఆరిపోకుండా గోనెసంచులు కప్పించి, నేల గట్టిపడేదాకా దాని మీద చీమ కూడా నడవకూడదని ఉత్తర్వు వేశాడు. సైన్యంలో ఉత్తర్వు వేస్తే కాపలా పెట్టాలి. తుపాకీతో ఒక సిపాయిని గుమ్మం ముందు నిలబెట్టి వెళ్ళాడు. ఆ తరువాత గానీ శ్యామలమ్మకు వెలగలేదు. నేల గట్టిపడేసరికి పండుగ అయిపోతుంది. ప్రపంచంలోకెల్లా గట్టి నేల ఆమె ఇంట్లో ఉంది, దాని మీద కాలు పెట్టడానికి ఆమెకే అనుమతి లేదు. ఆ రాత్రి ఆమె సదాశివకు పచ్చిపులుసు వడ్డించలేదు.

అయితే సందులో ఇంకో లెక్క నడిచింది. శ్యామలమ్మ ఇంటి ముందు మిలిటరీ కాపలా ఉందని కాంతమణి కిటికీలోంచి చూసింది. తడి సిమెంటుకు కాపలా అని ఆమెకు తోచే అవకాశం లేదు. బతుకమ్మ ఆడే ఆడవాళ్ళ కోసం సర్కారు వేసిన బందోబస్తు అనుకుంది. అదే ఇంటింటికీ తిరిగి చెప్పింది. పండుగనాడు పొద్దు వాలుతుండగా తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తంగేడు, గునుగు పూల బతుకమ్మలు ఎత్తుకుని ఆడవాళ్ళు బయటికి వచ్చారు. పక్క సందు నుంచి గులాబ్ బీ, ఆమె కోడళ్ళు కూడా వచ్చి అరుగు మీద చోటు చేసుకున్నారు. శ్యామలమ్మ తన బతుకమ్మను సందు మధ్యలో దించి, చుట్టూ చూసి, ఇంతమంది తన హాల్లో ఎలాగూ పట్టేవాళ్ళు కాదని మనసులో ఒప్పుకుంది. పైకి ఒప్పుకోలేదు. మేబెల్ దొరసాని టోపీ తీసి పక్కన పెట్టి, చప్పట్లు తప్పుగా కొడుతూ వరసలో తిరిగింది. కాపలా సిపాయి ఉత్తర్వు ప్రకారం గుమ్మం వదల్లేదు. ఎవరూ లోపలికి వెళ్ళాలని అడగలేదు కూడా.

దసరా వెళ్ళాక పీర్ మహమ్మద్ వచ్చి టైల్సు పరిచాడు. అంత చదునైన నేల మీద పని చాలా తేలికైపోయి, తిట్టుకోవడానికి ఏదీ దొరకక, రోజంతా మూగగా పనిచేశాడు. తెల్లటి హాల్లో నీలం పువ్వులు వరసగా నిలిచాయి. కాంతమణి చెప్పులు విడిచి వచ్చి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచింది. ఎక్కడా తూలలేదు. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. శ్యామలమ్మకు కావలసింది అదే.

మర్నాడు పొద్దున సదాశివ చాప మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. శ్యామలమ్మ హాలును తృప్తిగా ఒకసారి చూసి, వంటింటి గడప దగ్గరికి వెళ్ళి కాలితో నేలను రెండుసార్లు తట్టింది.

"హాలు సక్కగయింది. వంటింట్ల సుత జెర నాడి చూపిద్దమా?" అన్నది.

సదాశివ కాఫీ సగంలో వదిలేసి, గొడుగు తీసుకుని, ఆఫీసుకు ఆలస్యమవుతోందంటూ బయటపడ్డాడు. ఆ రోజు ఆదివారం.